ఊపిరి తాగే చెట్టు

వనజాక్షి పన్నెండేళ్లు కష్టపడి తయారుచేసిన చెట్టు మొదటిసారి నీళ్లు వదిలింది ఒక జనవరి ఉదయాన. ఆ సమయంలో దాని పక్కన కూర్చుని ఉన్నది ఆమె కాదు, ఆమె ఆడబిడ్డ అలివేలు.

చెట్టు అనంతపురంలోని వాళ్ల ఇంటి వరండాలో, వెడల్పాటి మట్టితొట్టిలో ఉండేది. అడుగున కూజాలా ఉబ్బి, పైకి పోనుపోను సన్నబడే బోదె. కొసన కలబంద మట్టల్లాంటి దళసరి ఆకుల గుత్తి. ఒళ్లంతా బూడిద పూసుకున్నట్టు తెల్లగా ఉండేది, తడిమితే అరచేతికి సున్నంలా అంటుకునేది. పుట్టుక ఆఫ్రికా ఎడారిది. వనజాక్షి పనిచేసే పరిశోధనాలయంలో దానికి ఒక నంబరుండేది. ఇంట్లో పదకొండేళ్ల కూతురు లాస్య దాన్ని కూజా చెట్టు అంది. ఆ పేరే నిలిచింది.

ఎడారి మొక్కలు పగలంతా నోరు కుట్టేసుకుని ఉంటాయి. ఆకుల మీది రంధ్రాలు తెరిస్తే ఉన్న కాస్త నీరూ ఆవిరైపోతుందని వాటి భయం. వనజాక్షి ఆ భయం పోగొట్టాలనుకుంది. మనిషి ఊపిరి తగలగానే రంధ్రాలు తెరుచుకునేలా, చుట్టూ ఉన్న గాలిలోని తడిని పీల్చి బోదెలో వడగట్టి, అడుగున అమర్చిన సన్నటి గొట్టంలోంచి బొట్టు బొట్టుగా వదిలేలా దాని కణాలను మార్చింది. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే జిల్లాలో ఇంటికొక చెట్టుంటే తాగేనీళ్లు ఇంట్లోనే ఊరతాయన్నది ఆమె ఆశ. ప్రయోగశాలలో ఆకు ముక్కలు చెప్పినట్టు విన్నాయి. ఇళ్లలోకి వచ్చేసరికి చెట్లు మొండికేశాయి. జిల్లాలో పన్నెండు ఇళ్లకు మొక్కలిచ్చారు. చెప్పుకోదగ్గ ఫలితం ఎక్కడా రాలేదు.

వనజాక్షి రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని చెట్టు దగ్గర గంటసేపు కూర్చునేది. ఆకులకు ముఖం దగ్గరగా పెట్టి ఊపిరి వదిలేది. దారిన పోయేవాళ్లు చూస్తే పిచ్చిదనుకుంటారేమోనని సిగ్గుపడుతూనే వదిలేది. పది నెలల్లో ఆమె కోసం ఒక్క చుక్క రాలలేదు.

ఆ ఆదివారం అలివేలు తొట్టి పక్కన చాప వేసుకుని మెంతికూర గిల్లుతోంది. వనజాక్షి బయటికి వచ్చేసరికి గొట్టం కింద పెట్టిన స్టీలు గిన్నెలో చప్పుడవుతోంది. వంగి చూస్తే నీళ్లు. ఆమెకు కళ్లనీళ్లొచ్చినంత పనయింది. ఏం చేశావని అడిగింది.

"ఏమీ చేయలేదొదినా. కూర గిల్లుకుంటా కూసున్న్యా, అంతే."

వనజాక్షి చాప మీద తాను కూర్చుని అలివేలును లోపలికి పంపింది. ఐదు నిమిషాల్లో చప్పుడు ఆగిపోయింది. మళ్లీ పిలిచింది. మళ్లీ మొదలైంది. నాలుగుసార్లు అలా చేసి, నాలుగోసారి నోట్సు రాసుకుంటున్నప్పుడు, తన సంతోషంలో ఎక్కడో పుల్లటిదేదో కలిసిందని ఆమె గమనించింది.

అలివేలు ఆ ఇంటికొచ్చి రెండేళ్లయింది. తాడిపత్రిలో మొగుడు ఇంకో ఆడదాన్ని ఇంట్లో తెచ్చిపెట్టుకుంటే, ఒక ట్రంకుపెట్టెతో అన్న దగ్గరికి వచ్చేసింది. ముప్పై నాలుగేళ్లు. పెద్దగా చదువుకోలేదు. అన్న చెన్నకేశవ కరెంటాఫీసులో ఉద్యోగి, మితభాషి. వనజాక్షిది తెనాలి. పెళ్లయిన పదిహేనేళ్లలో భర్త తనతో పుస్తకాల తెలుగులో పొడిపొడిగా మాట్లాడటమే ఆమెకు తెలుసు. చెల్లెలు వచ్చాక ఆయన నోట సొంత యాస పొంగుకొచ్చింది. ఇద్దరూ వంటింట్లో కూర్చుని ఎవరెవరివో పేర్లు చెప్పుకుని నవ్వుతుంటే వనజాక్షికి సగం మాటలు అర్థమయ్యేవి కావు. ఆయన సంగటి ముద్ద ఇంకొకటి వేయించుకునేవాడు. లాస్య జడ వేయించుకోవడానికి అత్త దగ్గరికే పోయేది, అమ్మ లాగేస్తుందట. వనజాక్షి వీటిని ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే చిన్నతనం. కానీ లోపల ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చింది. చెట్టు ఒక్కటే తనదని అనుకుంది. ఇప్పుడు అదీ అటే తిరిగింది.

వార్త పాకింది. వీధిలో వాళ్లు చూడ్డానికి వచ్చి, అలివేలు చేతి చలవ అన్నారు. ఒక పత్రికాయన వచ్చి ఫొటో తీసుకుపోయాడు. మర్నాడు పేపర్లో అలివేలు చెట్టును ఆనుకుని నవ్వుతోంది. వనజాక్షి పేరు చివరి పేరాలో ఉంది, దానికి ముందు 'ఇంటి యజమానురాలు' అని రాశారు. అలివేలు ఆ కాగితాన్ని మడిచి ట్రంకుపెట్టెలో దాచుకుంది. తాడిపత్రిలో ఎవరైనా చూసుంటారా అని లాస్యను రెండుసార్లు అడిగింది.

అలివేలు ఇప్పుడు రోజంతా చెట్టు దగ్గరే ఉండేది. బియ్యం ఏరడం, బట్టలు మడతపెట్టడం, అన్నీ అక్కడే. చెట్టుతో మాట్లాడేది కూడా. పుట్టి బుద్ధెరిగాక తనను కావాలనుకున్నది ఇదొక్కటేనని ఒకరోజు లాస్యతో అంటుంటే వనజాక్షి విన్నది. జాలిపడాల్సిన మాట అది. ఆమెకు ఒళ్లు మండింది.

ఆ రోజుల్లోనే అలివేలు సన్నబడింది. బుగ్గలు తగ్గి ముఖం కోలగా తేలింది. చూసినవాళ్లంతా కళ వచ్చిందన్నారు. నలభై ఆరేళ్ల వనజాక్షి అద్దంలో తన నడుము చూసుకుని, చెట్టు కింద కూర్చుంటే ఇంత మారతారా అనుకుంది. అలివేలు దగ్గరికొస్తే మగ్గిన పండు వాసనేసేది. తనకు పెట్టకుండా జామపళ్లు తింటోందని వనజాక్షి తీర్మానించుకుంది. విపరీతంగా నీళ్లు తాగేది. గిన్నెలో చెట్టు ఊరించిన నీళ్లు కొలవకముందే ఎత్తి గటగటా తాగేసేది. ఒకరోజు వనజాక్షికి ఓపిక నశించింది. కొలత రాయకుండా తాగితే తన పనంతా బూడిదలో పోసినట్టేననీ, దాహమేస్తే కుండ వంటింట్లో ఉందనీ గట్టిగానే అంది. అలివేలు గిన్నె దించి, కొంగుతో మూతి తుడుచుకుని లోపలికి పోయింది. వంటింట్లో చెంబు మీద చెంబు ముంచుకుంటున్న చప్పుడు వరండాలోకి వినిపించింది.

ఫిబ్రవరి తొమ్మిదిన, పరిశోధనాలయంలో ఆమెకు సహాయకుడిగా పనిచేసే దస్తగిరి ఒక కాగితం తెచ్చాడు. ఆకుల మధ్య అమర్చిన చిన్న పరికరం చుట్టూ ఉన్న గాలిలో ఏమేమి ఉన్నాయో గీతలుగా రాస్తుంది. దస్తగిరి ఇరవై ఏళ్లు మొక్కల మధ్య పనిచేసిన మనిషి, ఊరికే కాగితాలు తెచ్చేవాడు కాదు.

"మేడమ్, మీ ఆడబిడ్డ కూసున్నప్పుడల్లా ఈ గీత ఒకటి లేస్తాంది. ఎసిటోన్. చెట్టు ఊపిరికి కాదు మేడమ్, దీనికే తెరుచుకుంటాంది అనిపిస్తాంది."

వనజాక్షి కాగితం చూసింది. ఎసిటోన్ మనుషుల ఊపిరిలో ఎప్పుడు పెరుగుతుందో ఆమెకు తెలుసు. తిండి మానేస్తే కొద్దిగా పెరుగుతుంది. ఒంట్లో చక్కెర కణాలకు అందక, ఒళ్లు తన కొవ్వును తానే కరిగించుకుంటుంటే బాగా పెరుగుతుంది. ఆ రెండో ఆలోచన ఆమె మనసులోకి వచ్చింది. వచ్చిందని తర్వాత ఎన్నిసార్లు కాదనుకున్నా, అది అబద్ధమని ఆమెకు తెలుసు. వచ్చిన ఆలోచనను అక్కడ నిలవనివ్వలేదు. ఈ కాగితం బయటపెడితే పన్నెండేళ్ల పని అంతా అలివేలు ఊపిరి చుట్టూ తిరుగుతుంది. వ్యాసాల్లో, సభల్లో, ప్రతి ప్రశ్నకూ జవాబు ఆ మెంతికూర గిల్లే మనిషే అవుతుంది. అలివేలు శనివారాలు ఉపవాసం ఉంటుందని, అందువల్లే కావచ్చని దస్తగిరితో చెప్పింది. కాగితం సొరుగులో పెట్టి తాళం వేసింది.

నిధులిచ్చే సంస్థ నుంచి ముగ్గురు నిపుణులు మార్చి ఇరవై ఎనిమిదిన వస్తామని ఉత్తరం రాశారు. చెట్టు పనిచేస్తుందని వాళ్ల కళ్లతో చూడాలి, లేకపోతే పని ఆపేయాలి.

వాళ్లు వచ్చిన ఉదయం అలివేలు రెండుసార్లు వాంతి చేసుకుంది. కాళ్లు పీకుతున్నాయని, కాసేపు పడుకుంటానని అంది. అప్పటికే కారు వీధి మలుపు తిరిగింది. ఒక్క గంట కూర్చోమని, తర్వాత రోజంతా పడుకోవచ్చని వనజాక్షి బతిమాలింది. తానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చాప మీద కూర్చోబెట్టింది. ఆ చెయ్యి కట్టెలా ఉంది. ఊపిరి బరువుగా, లోతుగా, తోడుతున్నట్టు వస్తోంది. వనజాక్షి దాన్ని కూడా గమనించింది.

చెట్టు మునుపెన్నడూ లేనట్టు ఊరింది. చుక్కలు పోయి ధార అయింది. గిన్నె నిండి, రెండో గిన్నె నిండి, లాస్య మూడోది పరుగెత్తి తెచ్చింది. నిపుణుల్లో పెద్దాయన నీళ్లు గ్లాసులో పట్టుకుని రుచి చూసి, వనజాక్షితో చేయి కలిపి, పదేళ్లలో ఇలాంటిది చూడలేదన్నాడు. ఆయన చేతిలో చేయి ఉండగానే ఆమెకు వెనక చప్పుడు వినిపించింది. అలివేలు బోదె మీద తలవాల్చి, అలాగే పక్కకు జారిపోయింది. చెట్టు ధార ఆపలేదు.

ఆసుపత్రిలో చక్కెర లెక్కకు అందనంత ఉంది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయి అలివేలు నోటి దగ్గర వంగి లేచి, ఈ వాసన ఎన్నాళ్లుగా వస్తోందని, ఇంట్లో ఇంతమంది ఉండి ఎవరూ గమనించలేదా అని అడిగింది. చెన్నకేశవ భార్య వైపు చూశాడు. చదువుకున్నది ఆమె గనుక చూశాడు, అనుమానంతో కాదు. లేదని వనజాక్షి చెప్పింది.

అలివేలు మూడు రోజులు తెలివిలేకుండా ఉంది. నాలుగో రోజు కళ్లు తెరిచి, చెట్టుకు ఎవరైనా తోడున్నారా అని అడిగింది.

బతికినన్నాళ్లూ రోజూ ఇన్సులిన్ వేసుకోవాలని చెప్పి ఇంటికి పంపారు. వచ్చిన గంటకే ఆమె చాప పరుచుకుని చెట్టు పక్కన కూర్చుంది. సాయంత్రం దాకా గిన్నెలో చప్పుడు లేదు. మర్నాడు లేదు. వారం రోజులు లేదు. వదిలేసి పోయానని అలిగిందని మొదట అనుకుంది. ఆకులు తుడిచింది, తొట్టి కడిగింది. తర్వాత ఏమీ అనుకోకుండా ఊరికే కూర్చునేది. సంస్థ నుంచి నిధులు మంజూరయ్యాయని, నెలలో మరో బృందం వస్తుందని ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఎవరూ సంతోషించలేదు.

పదిహేను రోజులు గడిచాక ఒక ఉదయం గిన్నెలో కాసిన్ని నీళ్లు కనిపించాయి. పావుగంట సేపు వనజాక్షి నిజంగానే సంతోషంగా ఉంది. రాబోయే బృందానికి ఏం చూపించాలో కూడా ఆలోచించింది. అప్పుడు ఆమెకు తట్టింది. ఫ్రిజ్ తలుపు తెరిచి ఇన్సులిన్ బుడ్డి తీసి వెలుతురుకు పట్టి చూసింది. మూడు రోజుల కిందట ఎక్కడిదాకా ఉందో అక్కడే ఉంది.

ఫ్రిజ్ తలుపు మూయకుండా ఆమె కొంతసేపు అలాగే నిలబడింది. ఏమీ చూడనట్టు బుడ్డి అక్కడే పెట్టేయవచ్చు. ఒక్క నెల. అలివేలు తనంతట తానే చేస్తున్న పని. ఆ ఆలోచన తనదేనని, వేరెవరూ తన తలలో పెట్టలేదని తెలుసుకోవడానికి ఆమెకు ఆ చల్లగాలి ముఖానికి తగులుతున్నంత సేపు పట్టింది.

ఆమె లాస్య గదిలోంచి, ఎసిటోన్‌తో చేసే గోళ్ల రంగు తుడిచే మందు సీసా, కాస్త దూది తెచ్చింది. అలివేలును చెట్టు దగ్గర్నుంచి లేపి వరండా రెండో చివర కుర్చీలో కూర్చోబెట్టింది. దూదిని మందులో తడిపి సాసరులో పెట్టి, సాసరును ఆకుల దగ్గర ఉంచి, తానూ దూరంగా వచ్చి నిలబడింది. పది నిమిషాలకు గిన్నెలో చప్పుడు మొదలైంది. చుక్కలు దగ్గరదగ్గరగా పడ్డాయి, తర్వాత సన్నటి ధార అయింది.

అలివేలు కుర్చీలోంచి లేవలేదు. ఎవరూ లేని చాప వైపు, సాసరు వైపు చూస్తూ ఉండిపోయింది. వనజాక్షి అంతా చెప్పింది. చెట్టుకు కావాల్సింది మనిషి కాదని, రోగంతో ఆమె ఊపిరిలో పుట్టిన ఒక వాయువని, మందు వేసుకుంటే అది పోతుందని, మందు మానితే ప్రాణమే పోతుందని చెప్పింది. ఆ ముఖంలో ఏదో ఆరిపోతుంటే చూసింది. ఆమెను కాపాడటానికే ఇది చూపిస్తున్నానని తనకు తాను చెప్పుకుంది. అది నిజమే. ఆ చూపు చూసి తనలో ఒక మూల తృప్తి పడిందన్నదీ నిజమే.

"అంటే దానికి నేను కాదు, నా రోగం కావాల్సొచ్చె," అంది అలివేలు. తర్వాత, "నీకిది ఎప్పట్నుంచి తెల్సు వదినా?"

ఆసుపత్రిలో తెలిసిందని చెప్పొచ్చు. ఎవరూ అనుమానించరు. వనజాక్షి లోపలికి పోయి, సొరుగు తాళం తీసి, కాగితం తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. ఇన్ని గీతల్లో తనదేదని అలివేలు అడిగింది. వనజాక్షి వేలు పెట్టి చూపింది. అలివేలు పైన ఉన్న తేదీ చదువుకుంది. అక్కడినుంచి తాను పడిపోయిన రోజు దాకా వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"నలభై ఏడు దినాలు," అంది.

కాగితం మడిచి కుర్చీలో పెట్టి లేచింది. ఫ్రిజ్‌లోంచి బుడ్డి, సూది తెచ్చుకుని, వనజాక్షి ఎదుటే పొట్ట మీద మందు వేసుకుంది. అప్పటినుంచి వదినతో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే లాస్యతో చెప్పించేది.

చెన్నకేశవకు ఆ రోజు సాయంత్రమే వనజాక్షి తానుగా చెప్పింది. ఆయన అరవలేదు. కాగితం వెలుతురులో పట్టుకుని రెండువైపులా చూసి, చెల్లెలి గది గుమ్మం దగ్గరికి పోయి, లోపలికి పోలేక అక్కడే నిలబడ్డాడు. తర్వాత చాలా రోజులు ఆయన అన్నం ఆఫీసు దగ్గరే తిన్నాడు. సంస్థకు వనజాక్షి ఉత్తరం రాసింది. ఆరోగ్యంగా ఉన్న మనుషుల దగ్గర ఈ చెట్టు పనిచేయదని, మార్చి నాటి ఫలితం ఒక రోగి వల్ల వచ్చిందని, ఆ సంగతి తనకు ముందే తెలిసే అవకాశం ఉందని రాసింది. 'తెలిసే అవకాశం ఉంది' అన్నది కొట్టేసి 'తెలుసు' అని మార్చింది. రెండు వారాల్లో నిధులు ఆపేశారు.

పరిశోధనాలయంలో గది ఖాళీ చేస్తూ దస్తగిరి, ఆమె కలిసి పాత పుస్తకాలు సర్దుతుంటే పన్నెండు ఇళ్ల కొలతలు బయటపడ్డాయి. ఒక్కటి తప్ప అన్నిటికీ ఎదురుగా సున్నాలే. ఉరవకొండలో ఎర్రిస్వామి అనే నేతగాడి ఇంట్లో చెట్టు మాత్రం జనవరి నుంచి కొద్దికొద్దిగా నీళ్లిస్తోంది. ఆ మొత్తం ప్రతి నెలా పెరుగుతోంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు పొద్దున వనజాక్షి చక్కెర చూసే పరికరం సంచిలో పెట్టుకుని బయల్దేరుతుంటే, ఆమె ఫోనులో మాట్లాడింది విన్నదో ఏమో, అలివేలు చీర మార్చుకుని వచ్చి కారు వెనక సీట్లో కూర్చుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. దస్తగిరి ముందు కూర్చున్నాడు. వనజాక్షి కారు నడిపింది. కొండల మీద గాలిమరలు మెల్లగా తిరుగుతున్నాయి.

ఎర్రిస్వామికి యాభై దాటాయి. చెట్టును మగ్గం పక్కనే పెట్టుకున్నాడు. రోజుకు చెంబెడు నీళ్లిస్తోందని, ఇది తన కొడుకు లాంటిదని గర్వంగా చూపించాడు. బక్కచిక్కిపోయాడు. అతని భార్య నాగరత్న అందరికీ మజ్జిగ ఇచ్చి, ఈ మధ్య చూపు మసకేసి నేతలో పోగులు తప్పుతున్నాడని చెప్పింది. వేలు పొడిచి చూస్తే పరికరంలో నాలుగువందలు దాటింది. వనజాక్షి రోగం గురించి చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయింది. అలివేలు మగ్గం అంచున కూర్చుని, తన పొట్ట మీది సూది మచ్చలు నాగరత్నకు చూపించి, నొప్పేమీ ఉండదని, తనకేమైందో, ఎట్లా బతికిందో ఇంట్లో మనిషితో చెప్పినట్టు చెప్పింది. నాగరత్న ఆమె చేతులు పట్టుకుని డాక్టరమ్మా అంది. వనజాక్షికి ఆ పాత పులుపు మళ్లీ తగిలింది. ఇంత జరిగాక కూడా. ఈసారి ఆమె దానికి వేరే పేరు పెట్టుకోలేదు.

ఎర్రిస్వామి చెట్టు వైపు చూశాడు. "మందేసుకుంటే ఇది ఆగిపోతాదా అమ్మా?"

"ఆగిపోతాది," అంది అలివేలు. "ఆగనీ."

దస్తగిరి అతన్ని ఆసుపత్రికి తీసుకుపోవడానికి అక్కడే ఉండిపోయాడు. తిరుగు ప్రయాణంలో కారులో ఇద్దరే మిగిలారు. అలివేలు ఒక క్షణం ఆగి, ముందు తలుపు తీసుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఊరు దాటి, వేరుశెనగ చేలు మొదలయ్యాక నోరు విప్పింది.

చిన్నగా మొదలుపెట్టింది. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతుంటే గిన్నె దించమన్నావంది. నిలబడలేనంటే చెయ్యి పట్టి లాక్కుపోయావంది. తర్వాత గొంతు లేచింది. తాడిపత్రిలో మొగుడు కనీసం ముఖం మీద చెప్పి గెంటాడని, నువ్వు నవ్వుతా అన్నం పెడతా చచ్చిపోతాంటే చూసినావని అంది. వదినలంటే ఇట్లుంటారని ఎవరైనా చెప్పుంటే ట్రంకుపెట్టె మోసుకుని వచ్చేదాన్నే కాదంది. చదువును తిట్టింది, తెనాలిని తిట్టింది, చెట్టును తిట్టింది. ఏడుస్తూ తిట్టింది, ఏడుపు ఆపుకుని తిట్టింది. వనజాక్షి రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా ప్రతి మాటా విన్నది. క్షమించమని అడగలేదు. అడిగితే ఆ మనిషి ఆగిపోతుందేమోనని భయపడింది.

కూడేరు దగ్గర అలివేలు ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"ఇంకా ఉందా?" అని అడిగింది వనజాక్షి.

"ఉంది," అంది అలివేలు, కొంగుతో ముఖం తుడుచుకుని. "మెల్లగా పోనీ."

వనజాక్షి వేగం తగ్గించింది.